ఏ బాటిల్ ఎక్కడ పోయకూడదో తెలిస్తే ఈ పని వచ్చినట్టే

మాది కదిరి దగ్గర పల్లె. 2014లో పిల్లల చదువుకని బెంగళూరొచ్చి మున్నేకొళాలలో ఒక గది అద్దెకు తీసుకున్నాం. మొదట్లో నాలుగిళ్లలో సామాన్లు తోమి, బండలు తుడిచేదాన్ని. ఇప్పుడు నా దగ్గర ఏడుగురు ఆడవాళ్లు, ఇద్దరు మగపిల్లలు పని చేస్తున్నారు. మారతహళ్లి, కుందలహళ్లి, బ్రూక్‌ఫీల్డ్ వైపు ఇళ్లకు డీప్ క్లీనింగ్ చేస్తాం. కొన్ని ఇళ్లకు వారం వారం పోతాం.

ఈ మధ్య ఊరి నుంచీ ఇక్కడి నుంచీ ఆడవాళ్లు ఫోన్ చేసి అడుగుతున్నారు. "అక్కా, నేనూ పెట్టుకుంటా, ఏమేం కొనాలి?" అని. కొనేవాటి సంగతి తర్వాత చెప్తాను. ముందు చెప్పాల్సింది ఏవి కలపకూడదు, ఎక్కడ పోయకూడదు, ఎక్కడికి ఎక్కకూడదు, దేంట్లోకి దిగకూడదు అనేది. అది తెలియక నేను పోగొట్టుకున్న డబ్బు, పడిన భయం ఇంకొకరు పడకూడదని రాస్తున్నాను.

బ్లీచు, యాసిడ్ ఒకే సంచిలో వద్దు

2017లో ఒక పీజీ హాస్టల్లో బాత్రూములు కడుగుతున్నాం. ఆరు బాత్రూములు, ఒక్కోదానికి అరచెయ్యంత కిటికీ. నాతో వచ్చిన పిల్ల కమోడ్‌లో టాయిలెట్ క్లీనర్ పోసి రుద్దింది. తెల్లగా రాలేదని దాని మీదే బ్లీచు ద్రావణం ఒంపింది. బయట నడిచేవాళ్లకు నీళ్లు చిందుతాయని తలుపు కూడా దగ్గరికేసుకుంది. రెండు నిమిషాల్లో దగ్గుతూ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. "అక్కా, ఊపిరాడ్డం లేదక్కా" అంటోంది, కళ్ల నిండా నీళ్లు. నేను బకెట్ తీసేద్దామని లోపలికి పోయాను. అది నేను చేసిన ఇంకో తప్పు. ఆ పిల్లకు ఆసుపత్రిలో రాత్రంతా ఆక్సిజన్ పెట్టారు. నా గొంతు మూడు రోజులు మండింది.

డాక్టరమ్మ చెప్పేదాకా నాకు కారణం తెలియదు. చాలా టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. బ్లీచులో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది గాలి కంటే బరువు, కిందనే నిలబడుతుంది. కమోడ్ మీదికి వంగి రుద్దే మనిషి ముక్కు కూడా అక్కడే ఉంటుంది. వెనిగర్, నిమ్మ ఉప్పు కూడా యాసిడ్లే, వాటితో కూడా బ్లీచు కలపకూడదు. కొన్ని అద్దాల క్లీనర్లలో అమోనియా ఉంటుంది, దానితో కలిస్తే ఇంకో రకం విషవాయువు వస్తుంది. ఏళ్ల తరబడి మూత్రం పేరుకున్న చోట బ్లీచు పోసినా ఘాటు ఎగజిమ్మేది ఇందుకే.

అందుకని మా దగ్గర యాసిడ్ రకాలు ఎర్ర సంచిలో, బ్లీచు నీలం సంచిలో పోతాయి. ఒక ఇంటికి ఒక రోజు ఒకటే సంచి. బాత్రూమ్‌లో ఉప్పు మరకలు పోగొట్టాలంటే ఎర్ర సంచి తీసుకుపోతాం. బూజు, నాచు పోగొట్టాలంటే ఇంకో రోజు నీలం సంచి. ఓనరమ్మ "రెండూ ఈరోజే అయిపోవాలి" అంటే, రెండో సారి రావడానికి వంద తగ్గించుకుంటానుగానీ కలిపి చెయ్యను.

ఎప్పుడైనా పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే ఉన్నది ఉన్నట్టు వదిలేసి బయటికి రావాలి. బకెట్, మొబైల్, చెప్పులు ఏవీ తెచ్చుకోవడానికి తిరిగి పోకూడదు. ఇంట్లోవాళ్లనూ బయటికి పిలవాలి. దగ్గు ఆగకపోతే 108కి ఫోన్ చేసి, ఏమేం కలిశాయో బాటిల్ పేర్లతో సహా చెప్పాలి. చర్మం మీద యాసిడ్ పడితే కొళాయి కింద ఇరవై నిమిషాలు నీళ్లు పోస్తూనే ఉండాలి. పసుపు, పేస్టు ఏవీ పూయొద్దు.

బ్లీచు ఎంత కలపాలో కూడా చాలామందికి లెక్క ఉండదు, కళ్లకు తోచినంత పోస్తారు. మామూలుగా దొరికే ద్రావణం నాలుగైదు శాతం ఉంటుంది. లీటరు చన్నీళ్లకు 20 నుంచి 25 మిల్లీలీటర్లు చాలు. దగ్గు మందు సీసాకుండే గీతల మూతతో కొలుచుకోవచ్చు. వేణ్ణీళ్లలో కలిపితే ఘాటు ఎక్కువ, పని తక్కువ. ముందు సబ్బుతో మురికి కడిగి, ఆ తర్వాత ఈ నీళ్లు పూసి పది నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. మురికి మీదనే పోస్తే బ్లీచు శక్తంతా ఆ మురికితోనే అయిపోతుంది. పోసిన వెంటనే తుడిచేస్తే క్రిములకు ఏమీ కాదు. పొద్దున కలిపింది సాయంత్రానికి పారబోయాలి. ఎండలో పెడితే ఇంకా ముందే చచ్చుబడిపోతుంది.

ఇంకొక సంగతి. ఏ లిక్విడ్‌నూ కూల్‌డ్రింకు సీసాల్లోకి, మంచినీళ్ల బాటిళ్లలోకి ఒంపొద్దు. ఐదు లీటర్ల క్యాన్ చవకని కొని, చిన్న బాటిళ్లు లేవని నేనూ మొదట్లో అదే చేసేదాన్ని. ఒకసారి ఓనర్ వాళ్ల నాలుగేళ్ల బాబు నా సంచిలోంచి నిమ్మరంగు సీసా తీసి మూత తిప్పుతున్నాడు. వాళ్ల అవ్వ చూసి లాక్కుంది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడు స్ప్రే బాటిళ్లే వాడతాం, ఒక్కోదాని మీద తెలుగులో, కన్నడలో పేరు రాసి, చదువు రానివాళ్ల కోసం పుర్రె బొమ్మ గీసి, మీద టేపు అంటిస్తాం. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించొద్దు, ఉప్పునీళ్లు తాగించొద్దు. లోపలికి పోయేటప్పుడు కాల్చింది పైకొచ్చేటప్పుడు మళ్లీ కాలుస్తుంది. బాటిల్ చేతబట్టుకుని ఆసుపత్రికి పరిగెత్తాలి.

విడి యాసిడ్ నేను అసలు కొనను. 2013లో సుప్రీంకోర్టు ఆదేశాల తర్వాత కొనేవాళ్ల గుర్తింపు కార్డు చూసి, రిజిస్టర్లో రాసుకునే అమ్మాలి. అయినా వీధుల్లో సీసాల్లో పోసి అమ్మేవాళ్లు కనిపిస్తూనే ఉంటారు. వాళ్ల దగ్గర తీసుకోవద్దు.

రాయి ఏదో తెలియకుండా చుక్క కూడా వెయ్యొద్దు

బెంగళూరులో ఐటీ కారిడార్ వైపు చాలా అపార్టుమెంట్లలో బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు. ఈ నీళ్లలో సున్నం ఎక్కువ. కొళాయిల మీద, షవర్ రంధ్రాల్లో, గాజు తలుపుల మీద తెల్లటి పొర కడుతుంది. మనకొచ్చే పనిలో సగం ఈ తెల్ల పొరను తీయడమే. సున్నాన్ని కరిగించేది యాసిడ్. చిక్కెక్కడంటే, పాలరాయి కూడా సున్నపు రాయే. మరకను కరిగించే యాసిడ్ రాయిని కూడా కరిగించేస్తుంది. కోటా రాయికీ అదే గతి.

నా మొదటి పెద్ద పని, ఒక విల్లా. వంటింటి గట్టు తెల్లగా ఉంది, గ్రానైట్ అనుకున్నాను. టీ మరక పోవడం లేదని బాత్రూమ్ క్లీనర్ కొట్టి రుద్దాను. ఆరాక చూస్తే అరచెయ్యి మేర మెరుపు పోయి, సుద్దముక్క రాసినట్టు తెల్లబారింది. అది పాలరాయి. మళ్లీ పాలిష్ పెట్టించడానికి ఆ నెల నా సంపాదన మొత్తం పోయింది. ఓనర్ కోప్పడలేదు. "తెలియకపోతే అడగాల్సింది కదమ్మా" అన్నాడంతే. ఆ మాటకే ఎక్కువ బాధపడ్డాను.

అప్పటి నుంచి ఏ ఇంటికి పోయినా మొదటి ప్రశ్న "ఇది ఏ రాయి?" అనే. వాళ్లకూ తెలియకపోతే, వాళ్లను అడిగి, గట్టు వెనకో ఫ్రిజ్ కిందో కనపడని మూలలో ఒక్క నిమ్మ చుక్క వేస్తాను. సన్నగా బుసబుసమన్నా, తుడిచాక మచ్చ మిగిలినా అది సున్నపు రాయే. అక్కడ ఇక గోరువెచ్చటి నీళ్లు, ఘాటు లేని సబ్బు కొద్దిగా, అంతే. వెనిగర్, నిమ్మకాయ, టాయిలెట్ క్లీనర్ దాని దరిదాపులకు పోకూడదు. పూజ గదిలో పాలరాయి మందిరం ఉంటే ఇంకా జాగ్రత్త. కుంకుమ పడితే తడి బట్టతో తుడవొద్దు, రంగు లోపలికి ఇంకుతుంది. ముందు పొడి బ్రష్‌తో పూర్తిగా ఎత్తేసి, ఆ తర్వాతే తడి బట్ట.

విట్రిఫైడ్ టైల్స్, గ్రానైట్ గట్టివి, పెద్దగా భయం లేదు. బసవనగుడి, మల్లేశ్వరం వైపు పాత ఇళ్లలో ఎర్ర గచ్చు కనిపిస్తుంది. దానికి యాసిడ్ పడదు, ఘాటు సోడా పడదు. రోజూ ఉత్త నీళ్లు, ఎప్పుడైనా ఒక చుక్క కొబ్బరి నూనె వేసిన గుడ్డతో తుడుపు, అంతే. ముసలివాళ్లున్న ఇంట్లో ఆ నూనె కూడా వద్దు, జారుతుంది.

కొళాయి మీద సున్నపు పొరకు మేము వాడేది నిమ్మ ఉప్పు. చెంబుడు గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాలు కలిపి, గుడ్డ ముంచి కొళాయికి చుట్టి అరగంట వదిలేస్తే పీచుతో నెమ్మదిగా రుద్దినా ఊడొస్తుంది. స్టీలు పీచు, బ్లేడు వాడి రుద్దితే గీతలు పడి, ఆ గీతల్లోనే మళ్లీ ముందుకంటే తొందరగా సున్నం కడుతుంది.

పసుపు మరక గురించి కూడా చెప్పాలి. సబ్బు తగలగానే ఎర్రగా మారుతుంది. కొత్త పిల్లలు మరక పెద్దదైందని కంగారుపడి ఇంకా గట్టిగా రుద్దుతారు. సబ్బులోని క్షారం వల్ల పసుపు రంగు మారుతుంది, అంతే. కడిగేసి, తీయగలిగే వస్తువైతే ఎండలో పెడితే రెండు మూడు రోజుల్లో తనంతట తానే వెలిసిపోతుంది.

చిమ్నీ జాలీలు అల్యూమినియంవో స్టీలువో చూసుకోవాలి. స్టీలైతే కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టొచ్చు, చేతికి మోచేతిదాకా గ్లౌజులు, కళ్లకు అద్దాలు పెట్టుకుని. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వెయ్యాలి, సోడా మీద నీళ్లు పోస్తే ఉడికి మొహం మీదికి ఎగురుతుంది. అల్యూమినియం జాలీని అందులో వేస్తే నురగలు కక్కుతూ నల్లబడి తినేస్తుంది. దానికి మరిగే నీళ్లు, గిన్నెల సబ్బు, ఓపిక. స్టవ్ ముట్టుకునే ముందు సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ ఆపాలి. గీజర్, మిక్సీ, ఫ్రిజ్ వెనక తుడిచేటప్పుడు ప్లగ్ తీసేయాలి. స్విచ్‌బోర్డు మీద నేరుగా స్ప్రే కొట్టొద్దు, గుడ్డకు కొట్టి, పిండి, తుడవాలి.

పిల్లి ఉన్న ఇంట్లో నల్ల ఫినాయిల్ వాడను. అది పిల్లులకు విషం. నేల మీద నడిచి పాదాలు నాకుతాయి కాబట్టి ఎండిన తర్వాత కూడా ప్రమాదమే. పాకే పిల్లలున్న ఇంట్లో ఏ మందుతో తుడిచినా చివరి తుడుపు ఉత్త నీళ్లతోనే పెడతాను.

ఎక్కనివి, దిగనివి

కిటికీ బయటి వైపు తుడవమని అడుగుతారు. గ్రిల్ లోపలి నుంచి చెయ్యి పెట్టి అందినంత వరకే. ఐదో అంతస్తు సజ్జ మీద నిలబడి అద్దం తుడిచే ఫోటో ఎవరో పెట్టారని, అలాగే తుడవమని ఒకామె మా పిల్లాడిని అడిగింది, వాడు ఎక్కబోయాడు. నేను అక్కడే ఉన్నాను కాబట్టి చెయ్యి పట్టి దించాను. బెల్టు, తాడు, నేర్పిన మనిషి లేకుండా ఆ పని చేయకూడదు. అవి మా దగ్గర లేవు కాబట్టి ఆ పని ఒప్పుకోం. ఇంట్లో బూజు దులపడానికి కూడా ప్లాస్టిక్ కుర్చీ మీద స్టూల్ పెట్టి ఎక్కే అలవాటు మాన్పించడానికి నాకు రెండేళ్లు పట్టింది. పొడవు పెరిగే బూజుకర్ర కొనిస్తే ఎక్కే పనే ఉండదు.

సెప్టిక్ ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి రక్షణ సామాను లేకుండా మనిషిని దింపడం 2013 చట్టం ప్రకారం నేరం. విడి ఇళ్ల ఓనర్లు కొందరు "కాస్త పైపైన తీస్తే చాలు, వెయ్యి ఎక్కువిస్తా" అంటారు. లోపల ప్రాణవాయువు ఉండదు, విషవాయువు ఉంటుంది. ఒక్క శ్వాసలో మనిషి పడిపోతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. యంత్రం లారీని పిలుచుకోమని చెప్పి వచ్చేస్తాం. వెయ్యి కాదు, పదివేలు ఇచ్చినా మా పిల్లలు దిగరు.

మంచినీళ్ల సంపు కూడా చూడ్డానికి అమాయకంగా ఉంటుందిగానీ మూసి ఉన్న గొయ్యే. అందులోకి మా ఆడవాళ్లను దింపను. అనుభవమున్న టీమ్‌ను పిలిచినప్పుడు మీరు చూసుకోవాల్సినవి ఇవి: మోటారు స్విచ్ కాదు, మెయిన్ నుంచే కరెంటు ఆపాలి. మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వాలి, ఫ్యాను పెట్టి లోపలికి గాలి కొట్టాలి. పైన ఒక మనిషి చూపు తిప్పకుండా నిలబడాలి, లోపలి మనిషి నడుముకు తాడు ఉండాలి. పెట్రోలుతో నడిచే నీళ్ల మోటారు లోపల పెట్టకూడదు, దాని పొగ చంపేస్తుంది. లోపలున్నప్పుడు బ్లీచు చల్లకూడదు.

ఆడవాళ్ల భద్రత గురించి. కొత్త ఇంటికి ఎవరినీ ఒక్కరినే పంపను, ఇద్దరికి తక్కువ కాకుండా పోతారు. లోపలికి పోగానే వాట్సాప్‌లో లొకేషన్, ఫ్లాట్ నంబరు పంపాలి. ఇబ్బందిగా అనిపిస్తే పని మధ్యలో వదిలి వచ్చెయ్యొచ్చు, ఆ రోజు కూలి నేనిస్తాను. ఈ మాట మొదటి రోజే చెప్పాలి. చెప్పకపోతే కూలి పోతుందని భరిస్తారు. పదిమంది లోపు పనిచేసే చోట లైంగిక వేధింపు జరిగితే ఫిర్యాదు చెయ్యడానికి 2013 చట్టం కింద ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉంటుంది. ఇళ్లలో పనిచేసేవాళ్లకూ అది వర్తిస్తుంది. తక్షణం సాయానికి 112.

సామాను, లెక్కలు

నేను మొదలుపెట్టింది పద్దెనిమిది వేలతో. అందులో తడి, పొడి రెండూ పీల్చే వాక్యూమ్‌కే ఏడు వేలు. మిగిలింది రెండు వైపర్లు, మాప్‌లు, బకెట్లు, బూజుకర్ర, బ్రష్‌లు, గ్లౌజులు, రబ్బరు చెప్పులు. ఎస్‌జేపీ రోడ్డులో తిరిగి బేరమాడి కొన్నాను. పొరకలు మాత్రం మన పల్లె నుంచే తెచ్చుకుంటాను. నేల రుద్దే పెద్ద మిషన్ మొదట కొనొద్దు, అవసరమైన రోజు అద్దెకు తెచ్చుకోండి.

డబ్బు ఎక్కువ పెట్టాల్సింది మైక్రోఫైబర్ గుడ్డల మీద. మా దగ్గర ఎర్రవి కమోడ్‌కు, నీలంవి వాష్‌బేసిన్, అద్దాలకు, ఆకుపచ్చవి వంటింటికి, పసుపువి మిగతా గదులకు. కమోడ్ తుడిచిన గుడ్డతో వంటగట్టు తుడిచే పాపం ఈ రంగులతోనే ఆగింది. ఎంత చెప్పినా మరిచిపోయేవాళ్లు రంగు చూస్తే మరిచిపోరు. ఈ గుడ్డలను ఉతికేటప్పుడు బట్టలకు మెత్తదనం కోసం వాడే కండిషనర్ వెయ్యొద్దు, పోగులు మూసుకుపోయి నీళ్లు పీల్చవు.

పని వరుస మారకూడదు. పైనుంచి కిందికి, పొడి పని తర్వాత తడి పని, లోపలి మూల నుంచి తలుపు వైపుకు. ముందు ఫ్యాన్లు, బూజు. తర్వాత అల్మారాలు, గట్లు. కసువు ఊడ్చిన తర్వాతే బండలు.

నీళ్ల వాడకం 2024లో నేర్చుకున్నాను. ఆ మార్చిలో బోర్లు ఎండి, ట్యాంకర్లు దొరక్క, జలమండలి కార్లు కడగడానికీ తోటలకూ తాగునీళ్లు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ప్రకటించింది. అపార్టుమెంట్ల వాళ్లు మమ్మల్ని గేటు దగ్గరే ఆపేసేవారు. నాలుగు బకెట్లతో రెండు పడకగదుల ఇల్లు చేసి చూపిస్తానని ఒక సెక్రటరీ గారిని ఒప్పించాను. ఒక బకెట్లో సబ్బు నీళ్లు, ఒక బకెట్లో మాప్ పిండే నీళ్లు. పిండిన మురికినీళ్లు కమోడ్‌లో పోయడానికి. పైపు పెట్టి కడగడం అప్పుడు మానేశాం, మళ్లీ మొదలుపెట్టలేదు.

ధర ఎలా చెప్పాలో అందరూ అడుగుతారు. పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి చెప్పొద్దు. మా లెక్క ఇది: రెండు పడకగదుల ఖాళీ ఫ్లాట్‌కు ముగ్గురు మనుషులు, ఒక్కొక్కరికి 750 చొప్పున 2,250. మందులు, గుడ్డల అరుగుదల 250. రానుపోను 300. మిషన్ రిపేరుకు పక్కన పెట్టేది 200. మొత్తం 3,000. నేను 4,200 చెప్తాను. మిగిలే 1,200లోనే నా జీతం, పని లేని రోజుల ఖర్చు, ఏదన్నా పగిలితే కట్టే డబ్బు. 3,000కే ఒప్పుకుంటే ఆ రోజు నేను ఉచితంగా పనిచేసినట్టు. ఇల్లు చూడకుండా ధర చెప్పొద్దు, కనీసం వీడియో పంపమనండి. పెయింటు చుక్కలు పడ్డ ఫ్లాట్ అయితే పని రెట్టింపు.

కాగితాల పని అంత కష్టం కాదు. చిన్న వ్యాపారాలు చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్లో ఆధార్‌తో ఉచితం, చేసిపెడతామని డబ్బులడిగేవాళ్లకు ఇవ్వొద్దు. ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్టీ అవసరం లేదు. పదిమంది అయితే ఈఎస్‌ఐ, అంటే కార్మికుల ఆరోగ్య బీమా, వర్తిస్తుంది, దానికి ముందే సిద్ధపడండి. అంతదాకా ప్రతి మనిషికీ బ్యాంకులో ప్రధానమంత్రి సురక్ష బీమా కట్టించండి. ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి రెండు లక్షలు. ఆ ఇరవై నేనే కడతాను. ఇంకోటి, 2023 జూన్ నుంచి బీఎంటీసీ మామూలు సిటీ బస్సుల్లో ఆడవాళ్లకు ఉచితం, కానీ కర్ణాటక చిరునామా ఉన్న కార్డు కావాలి. ఆధార్‌లో ఇంకా ఊరి చిరునామా ఉన్న మావాళ్లు టికెట్ కొంటూనే ఉన్నారు. అద్దె ఒప్పందం చేయించి మార్పించడానికి ఒక రోజు సెలవిచ్చినా నెల తిరక్కుండా వాళ్లకు ఆ రోజు కూలి మిగులుతుంది.

వారం వారం పోయే ఇళ్లు

ఇక్కడ మెరుపు కంటే దోమ ముఖ్యం. డెంగీ దోమ మురికి గుంటలో పెట్టదు, మన ఇంట్లో నిలిచిన మంచినీళ్లలోనే గుడ్లు పెడుతుంది. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. కాబట్టి వారానికొకసారి ఆ నీళ్లన్నీ తీసేస్తే చక్రం తెగుతుంది. ఫ్రిజ్ వెనక కింద ఉండే చిన్న ట్రే ఎవరికీ తెలియదు. నేను ఏ ఇంటికి పోయినా మొదట అది లాగి చూపిస్తాను. పూలకుండీల కింద పళ్లెం, మనీప్లాంట్ పెట్టిన సీసా, వాడని బాత్రూమ్‌లో జాలీ కింద నీళ్లు, బాల్కనీలో మూల పడేసిన పెయింటు డబ్బా. నీళ్లు పారబోస్తే సరిపోదు, గోడలు పీచుతో రుద్దాలి. గుడ్లు అంచులకు అంటుకుని ఎండినా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే లేస్తాయి.

వానాకాలంలో బీరువా వెనక బూజు పడుతుంది. బీరువాను గోడకు నాలుగు వేళ్లు జరిపి పెట్టమని చెప్పండి, గాలి ఆడితే సగం తగ్గుతుంది. టైల్స్ మీద నాచుకు బ్లీచు నీళ్లు సరే. సున్నం గోడ లోపలికి దిగిన చెమ్మకు మనం తుడిచేది రెండు వారాల ముచ్చటే. ఎక్కడో పైపు కారుతోందని నిజం చెప్పి ప్లంబర్‌ను పిలిపించాలి. అది చెప్పకుండా నెలనెలా తుడిచి డబ్బు తీసుకోవడం నాకు ఇష్టం లేదు.

తాళం తిరిగి ఇచ్చే ముందు

కొన్నేళ్ల క్రితం ఒకింట్లో బంగారు కమ్మ పోయిందని మా మనిషిని నిలబెట్టి సంచి సోదా చేశారు. ఆమె ఏడుస్తూ మెట్ల మీద కూర్చుంది. చివరికి ఆ కమ్మ మా వాక్యూమ్ దుమ్ములోనే దొరికింది. మంచం కింద నుంచి పీల్చేసింది మేమే. క్షమాపణ చెప్పారు, కానీ ఆమె మళ్లీ ఆ వీధికి పోలేదు. ఇప్పుడు పని మొదలయ్యే ముందే నగలు, డబ్బు లోపల పెట్టి తాళం వేసుకోమని ఓనర్‌ను అడుగుతాను. మా వాళ్ల సొంత సంచులు చెప్పుల స్టాండ్ దగ్గరే ఉంటాయి. ప్రతి గదికీ ముందు ఫోటో, తర్వాత ఫోటో తీస్తాం. పగిలినవి, గీతలు పడినవి ముందే ఉంటే ఓనర్‌కు చూపించి వాట్సాప్‌లో పంపుతాం. వాక్యూమ్ దుమ్ము మాత్రం ఓనర్ ముందే పేపరు మీద ఒంపి, చేత్తో చెదరగొట్టి చూపించి అప్పుడు పారేస్తాం. దాంట్లో ఇప్పటిదాకా రెండు ముక్కుపుడకలు, ఒక సిమ్ కార్డు, లెక్కలేనన్ని పిన్నీసులు దొరికాయి.

చెత్త విడిగా కట్టాలి. బెంగళూరులో తడి చెత్త ఆకుపచ్చ బుట్ట, శానిటరీ చెత్త ఎర్ర బుట్ట, పొడి చెత్త సంచి. ప్యాడ్లు, డైపర్లు పేపర్లో చుట్టి మీద ఎర్ర గుర్తు పెట్టాలి. పగిలిన గాజును మందంగా పేపర్లలో చుట్టి, "గాజు" అని రాసి, వేరుగా ఇవ్వాలి. దాన్ని తీసే పౌరకార్మికులు చాలామంది చేతులతోనే వేరు చేస్తారు. మా మనిషి ఒకామె చెల్లెలు ఆ పనిలోనే ఉంది, ఆమె అరచెయ్యి మీద కుట్ల గుర్తు నేను చూశాను.

చివరి పది నిమిషాలు నేను చెప్పులు లేకుండా ఇల్లంతా నడుస్తాను. కంటికి కనపడని ఇసుక, సబ్బు జిగట కాలికి తెలుస్తుంది. బాత్రూమ్‌లో జారుతోందేమో అడుగు వేసి చూస్తాను. గ్యాస్ రెగ్యులేటర్, తీసిన ప్లగ్గులు, గీజర్ మెయిన్ మళ్లీ ఓనర్‌కు చూపించి ఎలా ఉన్నాయో చెప్తాను. ఎర్ర గుడ్డలు ఎన్ని తెచ్చామో అన్నీ లెక్కపెట్టి, మూత ఉన్న వేరే డబ్బాలో వేసుకుంటాం. బాటిళ్లన్నీ సంచిలోకి చేరాయని చూసుకుని, సింక్ కింద ఏదీ మిగల్లేదని ఒంగి చూసి, అప్పుడు తాళం ఇచ్చేస్తాం.